తొడ ఎముక విరిగిన మనిషి మాట తడబడితే: ఎముకల వార్డులకు ఒక బహిరంగ లేఖ

ప్రకాశం, నెల్లూరు జిల్లాల వైద్యాధికారులకు, ప్రభుత్వ ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, ప్రైవేటు ఎముకల ఆసుపత్రులు నడుపుతున్నవారికి, క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ చేసే డాక్టర్లకు, నాతోటి నర్సులకు నమస్కారాలు.

నేను ఉద్యోగ విరమణ చేసిన హెడ్ నర్సును. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ఎముకల వార్డులోనే గడిచింది. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒంగోలు నుంచి కావలి మీదుగా నెల్లూరు వరకు సుమారు 120 కిలోమీటర్ల దారిలో ఒక పక్క చీమకుర్తి రాళ్ల లారీలు, మరో పక్క చెరువుల నుంచి రొయ్యలు తీసుకెళ్లే వ్యాన్లు, ఆ రెండింటి నడుమ హెల్మెట్ లేని బైకులు తిరుగుతుంటాయి గనుక మా వార్డులో మంచాలు ఖాళీగా ఉన్న రోజు నాకు గుర్తులేదు. ఈ లేఖలో మిమ్మల్ని నేను కోరేది ఒక్కటే. తొడ ఎముకగానీ, మోకాలి కింది పెద్ద ఎముకగానీ, కటి ఎముకగానీ విరిగి వచ్చిన మనిషి మొదటి మూడు రోజుల్లో మతి తప్పినట్టు మాట్లాడితే, తాగుడు మానేసినందువల్లనో, నొప్పి వల్లనో, భయం వల్లనో అని కేస్ షీటులో రాసేముందు, విరిగిన ఎముకలోని కొవ్వు మెదడుకు చేరిందేమోనని అనుమానించండి. దీన్నే డాక్టర్లు సెరిబ్రల్ ఫ్యాట్ ఎంబాలిజం అంటారు.

ఈ మాట ఇప్పుడు రాయడానికి కారణం మా అక్క కొడుకు. వాడికి 24 ఏళ్లు. సింగరాయకొండ దాటాక బైకు మీద నుంచి పడి కుడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. తలకు దెబ్బ తగల్లేదు. క్యాజువాలిటీకి మాట్లాడుతూనే వచ్చాడు, ఫోన్ ఎక్కడ పడిపోయిందో కూడా తనే చెప్పాడు. కాలికి ట్రాక్షన్ (తాడుకు బరువు వేలాడదీసి విరిగిన కాలును లాగి పట్టే ఏర్పాటు) కట్టి, ఆపరేషన్ రెండు రోజుల తర్వాత చేస్తామన్నారు. ప్రమాదం జరిగి ముప్పయి గంటలు దాటాక, రాత్రి పదకొండున్నర వేళ, నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉండగా వాడు కళ్లు తెరిచి, "బర్రెను విప్పారా పిన్నీ, ఎండెక్కుతోంది" అన్నాడు. నిద్రలో కలవరిస్తున్నాడనుకున్నాను. ఎక్కడున్నావురా అని అడిగితే "చేలో" అన్నాడు. ఆ వెంటనే విరిగిన కాలిని కిందికి దించబోయాడు. ట్రాక్షన్ తాడుకు బరువుగా కట్టిన ఇటుకలు ఊగి మంచం కోడుకు ఠంగుమని తగిలాయి. ఆ నొప్పికి మామూలు మనిషైతే వార్డు లేచిపోయేలా అరుస్తాడు. వాడు అరవలేదు. నాకు అప్పుడు భయం వేసింది.

డ్యూటీ డాక్టరు వచ్చి మందు అలవాటుందా అని అడిగారు. లేదని మా అక్క చెప్పింది. "ఉండే ఉంటుందమ్మా, మీకు చెప్పరు" అని, రెండో రోజు మందు లేకపోతే ఇలాగే చేస్తారని, నిద్రకు ఇంజెక్షన్ రాశారు. సాచ్యురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, చూడమని అడిగాను. వార్డుకున్న ఒకే ఒక్క పల్స్ ఆక్సీమీటరు బీరువాలో ఉంది, తాళంచెవి పగటి డ్యూటీ సిస్టరుతో ఇంటికి వెళ్లింది. కరోనా రోజుల్లో కొన్నది ఒకటి నా సంచిలో ఉండబట్టి తీసి వేలికి పెడితే 83 చూపించింది. కింది కనురెప్పను వంచి చూస్తే ఎర్రగా, రాగి గింజలో సగం కూడా లేని చుక్కలు కనిపించాయి. చొక్కా విప్పిస్తే చంకలోనూ, మెడ కింద ఛాతీ మీదా అవే చుక్కలు. వేలితో నొక్కినా పోలేదు. అప్పటికిగానీ నిద్ర ఇంజెక్షన్ ఆపి ఆక్సిజన్ పెట్టలేదు.

ఆ ఆసుపత్రి పేరు రాయను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవారి మీద నాకు కోపం కూడా లేదు, ఎందుకంటే అదే తప్పు నేను ఎన్నిసార్లు చేశానో నాకే తెలియదు. రెండో రోజో మూడో రోజో గోల చేస్తున్నాడని, సెలైన్ పీకేస్తున్నాడని, డాక్టరుగారు చెప్పారని, గుడ్డ పట్టీలతో మంచానికి చేతులు కట్టేసిన కుర్రవాళ్లు నా సర్వీసులో పదుల సంఖ్యలో ఉన్నారు. వాళ్లలో నిజంగా మందు మానేసి వణికినవాళ్లు ఎందరో, ఊపిరి అందక మెదడు దెబ్బతిని పెనుగులాడినవాళ్లు ఎందరో ఇప్పుడు తేల్చే దారి లేదు.

ఇది ఎందుకు వస్తుందో మా వార్డుకు వచ్చే కుటుంబాలకు నేను వంటింటి మాటల్లోనే చెప్పేదాన్ని. మాంసం కూరలో మూలుగ ఎముక పీల్చినవారికి ఎముక లోపల ఉండేది కొవ్వేనని తెలుసు. పెద్దవాళ్ల పొడవు ఎముకల బోలులో ఉండే పసుపు మజ్జ చాలావరకు కొవ్వే, అది ఒంటి వేడికి కరిగి ద్రవంగానే ఉంటుంది. ఎముక విరిగినప్పుడు ఆ బోలులో నెత్తురు చేరి ఒత్తిడి పెరుగుతుంది, అక్కడే తెగిన సన్నని సిరల నోళ్లు తెరుచుకుని ఉంటాయి, ఆ నోళ్ల గుండా కొవ్వు బిందువులు రక్తంలోకి దిగి గుండె కుడివైపుకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు చేరుతాయి. ఇంతవరకు దాదాపు ప్రతి తొడ ఎముక ఫ్రాక్చర్‌లోనూ ఎంతో కొంత జరుగుతుంది, చాలామందికి ఏమీ తెలియకుండానే సర్దుకుంటుంది. జబ్బుగా బయటపడేది ఒక్క పొడవు ఎముకే విరిగినవారిలో నూటికి ఒకరి నుంచి ముగ్గురికి మాత్రమే. రెండు తొడలూ విరిగినా, తొడతోపాటు కటి ఎముక విరిగినా ఆ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. చిన్నపిల్లల మజ్జలో కొవ్వు తక్కువ గనుక వారిలో ఇది అరుదు. ఎక్కువగా దీని బారిన పడేది బైకులు నడిపే వయసు మగపిల్లలే.

ఊపిరితిత్తులు జల్లెడలాంటివి. పెద్ద బిందువులను అవి ఆపుతాయి, కానీ కొవ్వు మెత్తనిది కాబట్టి నలిగి, సాగి, కొన్ని బిందువులు సన్నని రక్తకేశనాళికల్లోంచి జారి ఎడమ గుండెకు, అక్కడి నుంచి మెదడుకు వెళ్లిపోతాయి. ఇంకో అడ్డదారి కూడా ఉంది. గర్భంలో ఉన్నప్పుడు గుండె పై గదుల మధ్య ఉండే చిన్న కంత పుట్టాక మూసుకుపోవాలి, అయితే పెద్దవాళ్లలో సుమారు నలుగురికి ఒకరిలో అది పూర్తిగా అతుక్కోదు. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగినప్పుడు ఆ కంత తెరుచుకుంటే కొవ్వు జల్లెడ దాకా పోకుండానే అటువైపు దాటుతుంది. మెదడుకు చేరాక చిన్న నాళాలను మూసేయడంతో దాని పని అయిపోదు. కొవ్వు విడిపోయి పుట్టే ఆమ్లాలు రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీసి, వాపు తెచ్చి, మెదడు తెల్ల పదార్థంలో సూదిమొనంత రక్తపు చుక్కలు పడేలా చేస్తాయి. ఈ రెండో దెబ్బకు సమయం పడుతుంది. క్యాజువాలిటీలో చక్కగా మాట్లాడినవాడు 24 గంటల నుంచి 72 గంటల లోపు ఎందుకు పాడవుతాడో దీనివల్లే అర్థమవుతుంది. కొందరిలో 12 గంటలకే మొదలవుతుంది.

ఎముక విరగకుండా కూడా ఇది రావచ్చు. సికిల్ సెల్ జబ్బులో మజ్జ చచ్చిపోయినప్పుడు, ఒంట్లో కొవ్వు తీసే ఆపరేషన్లలో, తీవ్రమైన ప్యాంక్రియాస్ వాపులో, తుంటి కీలు మార్చేటప్పుడు అరుదుగా చూస్తారు. మన జిల్లాల్లో రోడ్డే ప్రధాన కారణం కాబట్టి వాటి జోలికి ఎక్కువ పోను.

ఇదేదో కొత్తగా కనిపెట్టిన జబ్బు కాదు. నలిగి చనిపోయిన ఒక రైల్వే కార్మికుడి ఊపిరితిత్తుల్లో కొవ్వును జెంకర్ అనే జర్మన్ వైద్యుడు 1862లోనే చూశాడు. తొడ ఎముక విరిగిన రోగి బతికుండగానే ఈ జబ్బును బెర్గ్‌మాన్ 1873లో గుర్తించాడు. ఇంత పాత జబ్బును ఇప్పటికీ మనం మిస్ అవుతున్నామంటే, దాన్ని ఖాయంగా తేల్చే రక్తపరీక్ష ఒక్కటీ లేకపోవడం ఒక కారణం. మూత్రంలో కొవ్వు చూడటం మీద ఒకప్పుడు నమ్మకం ఉండేది, కానీ ఏ ఫ్రాక్చర్‌లోనైనా అది కనిపించవచ్చు కాబట్టి దానితో ఏమీ తేలదు. 1970లో గర్డ్ అనే వైద్యుడు ప్రతిపాదించిన లక్షణాల పట్టికనే ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్నారు. ఊపిరి అందకపోవడం, తలకు దెబ్బ లేకుండానే మతి తప్పడం, ఎర్ర చుక్కలు అనే మూడూ అందులో ప్రధానమైనవి. జ్వరం, నాడి 110 దాటడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ఎక్కడా నెత్తురు పోకుండానే హిమోగ్లోబిన్ తగ్గడం వంటివి చిన్నవి. 1983లో షోన్‌ఫెల్డ్ బృందం మార్కులు వేసే పద్ధతి తెచ్చింది. అందులో ఎర్ర చుక్కలకు 5, మతి తప్పడానికి 1. మొత్తం 5 వస్తే జబ్బున్నట్టు. ఈ లెక్కను తప్పు పట్టేంత చదువు నాకు లేదు గాని, వార్డులో నిలబడి చూసినదాన్నిగా ఒక మాట అంటాను: చుక్కలు సగం మందిలో కూడా రావు, వచ్చినా ఒకటి రెండు రోజుల్లో మాయమవుతాయి, నల్లని ఒంటి మీద పసుపు బల్బు వెలుతురులో అసలు కనబడవు. వాటి కోసమే కాచుకుని కూర్చుంటే మెదడుకు పట్టిన జబ్బు మన కళ్ల ముందే ముదిరిపోతుంది. చుక్కలు చూడాలంటే కనురెప్ప లోపలా, నోటి లోపలా, చంకలోనూ టార్చి వేసి వెతకాలి.

స్కాన్ విషయంలో కుటుంబాలూ, ఒక్కోసారి మనమూ మోసపోతాం. మావాడికి ఆ రాత్రే సీటీ స్కాన్ తీశారు. "అంతా నార్మల్, మెదడులో ఏమీ లేదు" అన్నారు. ఈ జబ్బులో సీటీ చాలాసార్లు అలాగే ఉంటుంది. తలలో రక్తం గడ్డకట్టలేదని తేల్చుకోవడానికి అది తప్పనిసరిగా తీయవలసిందే, అయితే అది బాగున్నంత మాత్రాన ఈ జబ్బు లేదని కాదు. ఎమ్మారైలో డిఫ్యూజన్ అనే పద్ధతిలో తీసిన బొమ్మ చూస్తే సంగతి బయటపడుతుంది. నల్లని నేపథ్యం మీద రెండు వైపులా చిన్న చిన్న తెల్లని చుక్కలు వెదజల్లినట్టు కనిపిస్తాయి. రేడియాలజీ డాక్టర్లు దాన్ని నక్షత్రాల ఆకాశంతో పోలుస్తారు. మన జిల్లావాళ్లకు ఆకాశం దాకా అక్కర్లేదు. పాలిష్ పట్టిన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలక ఎలా ఉంటుందో ఆ ఫిల్ము అలా ఉంది. మా బావ క్వారీలో పనిచేసినవాడు, ఫిల్ము చూసి ముందు ఆ మాటే అన్నాడు, తర్వాత ఏడ్చాడు. రక్తపు చుక్కలను పట్టే మరో ఎమ్మారై పద్ధతి కూడా ఉంది, అందులో ఇవే నల్లగా కనిపిస్తాయి. కంటి డాక్టరు రెటీనా చూసినా కొందరిలో దూదిపింజల్లాంటి మచ్చలు ఆనవాలు ఇస్తాయి. ఇంకొక హెచ్చరిక. కొందరిలో ఊపిరితిత్తులు బాగానే ఉండి మెదడుకే ముందు దెబ్బ తగులుతుంది కాబట్టి సాచ్యురేషన్ 97 ఉందని నిశ్చింతగా ఉండకూడదు.

చికిత్స దగ్గర నిజం నిజంలాగే చెప్పాలి. మెదడులో ఇరుక్కున్న కొవ్వును కరిగించే మందు లేదు. రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ప్రయత్నించి, నెత్తురు కారే ముప్పు తప్ప మేలు కనిపించక మానేశారు. స్టెరాయిడ్లు ముందుగా ఇస్తే జబ్బు రావడం కొంత తగ్గవచ్చని కొన్ని అధ్యయనాలు చూపినా ప్రాణాలు నిలుస్తాయని రుజువు కాలేదు, జబ్బు వచ్చాక పనిచేస్తాయనడానికి ఆధారం అంతకన్నా తక్కువ. పనిచేసేది ఆలంబన చికిత్స. ఆక్సిజన్ పడిపోకుండా చూడటం, అవసరమైతే వెంటిలేటర్ పెట్టడం, రక్తపోటు పడిపోనివ్వకుండా సెలైనూ రక్తమూ సమయానికి ఎక్కించడం, ఫిట్స్ వస్తే ఆపడం, మెదడు వాపు పెరుగుతుంటే తగ్గించడం. వినడానికి చప్పగా ఉంటుంది గాని ఈ మెదడు చచ్చిన మెదడు కాదు, కాలం ఇస్తే కోలుకునే మెదడు. రోజుల తరబడి కోమాలో ఉన్నవాళ్లు కూడా వారాల్లో, నెలల్లో లేచి నడిచిన సందర్భాలు చాలా ఉన్నాయి. నాలుగో రోజున "ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపోండి" అనే మాట ఈ జబ్బులో తొందరపాటు మాట. మావాడు ఆరు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. తొమ్మిదో రోజు వాళ్లమ్మను గుర్తుపట్టాడు. రెండు నెలలకు బాకీల లెక్క చెప్పగలిగాడు. ఇప్పటికీ అన్నం తిన్నాడో లేదో ఒక్కోసారి మరిచిపోతాడు.

రాకుండా చూడటంలో మాత్రం మన చేతిలో చాలా ఉంది. విరిగిన ముక్కలు కదిలిన కొద్దీ కొవ్వు దిగుతూనే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికులకు తోమస్ స్ప్లింట్ వాడటం మొదలుపెట్టాక చావులు బాగా తగ్గాయి. కాలును కదలకుండా పట్టి ఉంచే ఆ ఇనుప చట్రం ఖరీదైనదేమీ కాదు. మన రోడ్డు మీద ఇప్పటికీ తొడ విరిగిన మనిషిని నలుగురు నాలుగు మూలలు పట్టి ఎత్తి, కాలు బయటికి వేలాడుతుండగా ఆటోలో కుదేసి, ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి తిప్పుతున్నారు. అత్యవసర అంబులెన్సులు రాష్ట్రంలో 2005 నుంచీ ఉన్నా, ఆలోపే ఆటో ఎక్కించేవాళ్లు తక్కువ లేరు. ముంజేతి ఎముక చిట్లితే పుత్తూరు కట్టు కట్టించుకుని బాగుపడ్డవారు మా బంధువుల్లోనే ఉన్నారు, దాన్ని నేను తక్కువ చేయను. తొడ ఎముక సంగతి వేరు. దాన్ని ఒత్తి, లాగి, సరిచేసి, వందల కిలోమీటర్లు కారులో కూర్చోబెట్టి తీసుకుపోవడం ప్రాణంతో ఆట. కట్టు వైద్యులు కూడా తొడ విరిగినవాణ్ణి ముట్టుకోకుండా ఆసుపత్రికి పంపితే అంతకన్నా పెద్ద వైద్యం లేదు.

ఎముకను త్వరగా నిలబెట్టడం రెండో జాగ్రత్త. 178 మంది రోగులతో అమెరికాలో చేసి 1989లో ప్రచురించిన అధ్యయనంలో తొడ ఎముకకు 24 గంటల్లోపు ఆపరేషన్ చేసినవారిలో ఊపిరితిత్తుల ఇబ్బందులు తక్కువగా కనిపించాయి. అంటే అందరికీ ఆదరాబాదరాగా రాడ్ వేయమని కాదు. రాడ్ కోసం బోలును తొలిచేటప్పుడు లోపలి ఒత్తిడి మళ్లీ పెరిగి కొవ్వు మరింత దిగుతుంది. అందుకే షాక్‌లో ఉన్నవాడికి, ఊపిరితిత్తులకు దెబ్బ తగిలినవాడికి ముందు బయటి నుంచి ఎముకను పట్టి ఉంచే ఫిక్సేటర్ అనే చట్రం వేసి, నిలకడ వచ్చాక రాడ్ వేయడం మేలని ఎముకల డాక్టర్లకు తెలిసిందే. నేను అడుగుతున్నది ఆదివారం వచ్చిందనో, ఇంప్లాంట్ మద్రాసు నుంచి రావాలనో, కాగితం సంతకం కాలేదనో మూడు రోజులు ఇటుకలు వేలాడదీసి ఉంచకండని. తప్పనిసరై ఉంచితే ఆ మూడు రోజులూ ఆ మంచాన్ని ఐసీయూ మంచంలా చూడండని.

అలా చూడటానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఎముకల వార్డులో పొడవు ఎముక విరిగిన ప్రతి రోగికీ మొదటి 72 గంటలు వేలికి ఆక్సీమీటరు ఉండాలి, అది బీరువాలో కాకుండా మంచం మీద ఉండాలి. నాడి, ఊపిరి లెక్కపెట్టే గంటకే పేరేమిటి, ఏ ఊరు, ఇవాళ ఏ వారం అని మూడు ప్రశ్నలు అడిగి జవాబు చార్టులో రాయాలి. ఒక ఊరి ఆసుపత్రి నుంచి ఒంగోలుకో నెల్లూరుకో రెఫర్ చేసేటప్పుడు ఆ కాగితంలో ఎముక ఎక్స్‌రే సంగతితోపాటు "ఎన్ని గంటలకు మాట్లాడుతున్నాడు" అన్నది కూడా ఒక వాక్యం రాస్తే, అందుకున్న డాక్టరుకు అదే పెద్ద ఆధారం. తలకు దెబ్బ తగిలినవాడు మొదటి నుంచీ మగతగా ఉండటానికీ, మాట్లాడుతూ వచ్చినవాడు రెండో రోజు మగతలోకి జారడానికీ తేడా ఆ ఒక్క వాక్యంలోనే తెలుస్తుంది. మందు మానేసినవాడికి కూడా రెండు మూడు రోజులకే మతి తప్పుతుంది, నిజమే. అందుకే ఇంట్లోవాళ్లను పక్కకు పిలిచి అడగండి, చెబితే నమ్మండి. సాచ్యురేషన్, షుగర్ చూడకుండా నిద్ర ఇంజెక్షన్ ఇవ్వకండి.

రాత్రిపూట అటెండర్లను వార్డు బయటికి పంపే అలవాటు మనకు ఉంది. నేనూ పంపాను. ఫ్రాక్చర్ మంచం దగ్గర మొదటి మూడు రాత్రులు ఇంటి మనిషిని ఒకరిని ఉండనివ్వండి. మనిషి మాటలో వచ్చిన తేడా మన చార్టులకన్నా ముందు తల్లికో భార్యకో తెలుస్తుంది. "మావాడు ఇలా మాట్లాడడమ్మా" అని ఎవరైనా మీ టేబులు దగ్గరికి వచ్చి చెప్పినప్పుడు, సిస్టర్, దయచేసి కుర్చీలోంచి లేచి టార్చి పట్టుకుని ఆ మంచం దగ్గరికి వెళ్లండి.

గంటగంటకూ నింపవలసిన ఆ 72 గంటల చార్టును నేను ఒక తెల్ల కాగితం మీద గీసి పెట్టాను. రెండు జిల్లాల్లో ఏ ఆసుపత్రి అడిగినా తెచ్చి ఇస్తాను, కావాలంటే ఒక రాత్రి కూర్చుని ఎలా నింపాలో చూపిస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఎముకల వార్డు విశ్రాంత హెడ్ నర్సు,
ఒంగోలు.